ఈ-స్పోర్ట్స్‌లో ఆడపిల్లలు: ప్రోత్సాహ రూపాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వీడియో గేమ్‌లు మగపిల్లల వినోదమనీ, ఈ-స్పోర్ట్స్ మగపిల్లల వృత్తిరంగమనీ ఒక అభిప్రాయం సమాజంలో స్థిరపడి ఉంది. ఈ అభిప్రాయానికి ఆడపిల్లల స్వభావం కంటే 1980ల మధ్యకాలంలో ఏర్పడిన విపణి వ్యవస్థే ఎక్కువ కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆడపిల్లలను ఈ రంగంలోకి తీసుకురావడానికి గత నాలుగు దశాబ్దాలలో జరిగిన ప్రయత్నాలను ప్రత్యేకమైన ఆటలు, ప్రత్యేకమైన పోటీలు, ఉమ్మడి జట్టులో నిర్దిష్ట స్థానాలు అనే మూడు రూపాలుగా విభజించి పరిశీలిస్తుంది. తెలుగునాట ఇప్పటికే ఫలించిన చదరంగ అనుభవాన్ని వీటితో పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: ఈ-స్పోర్ట్స్, వీడియో గేమ్, ఆడపిల్లలు, ప్రోత్సాహం, చదరంగం, జూదం, వృత్తి.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్‌పైనో, కన్సోల్‌పైనో, మొబైల్ ఫోన్‌పైనో ఆడే ఆటలను నియమబద్ధమైన పోటీలుగా నిర్వహించినప్పుడు వాటిని ఈ-స్పోర్ట్స్ అంటున్నారు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ఇవి ప్రదర్శన క్రీడగా చేరాయి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పతకాలున్న క్రీడలయ్యాయి. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో వీటిని బహుళ క్రీడా పోటీలలో భాగంగా గుర్తించి, కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. దీనితో ఈ-స్పోర్ట్స్‌ను ఒక వృత్తిమార్గంగా చర్చించవలసిన అవసరం విద్యారంగానికి కూడా ఏర్పడింది.

ఆ చర్చలో ఆడపిల్లల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘ప్రోత్సహించాలి’ అనే మాట తప్పక వినిపిస్తుంది. ఆ ప్రోత్సాహం ఏ రూపంలో ఉండాలన్నది మాత్రం స్పష్టంగా చెప్పేవారు తక్కువ. ఆడపిల్లలో ఆసక్తి లేదని భావించి ఆసక్తి పుట్టించడానికి ప్రయత్నించడం ఒక పద్ధతి. ఆసక్తి ఉన్నా అడుగు పెట్టనివ్వని పరిస్థితులను మార్చడం మరొక పద్ధతి. చరిత్రలో ఈ రెండూ కనిపిస్తాయి. వాటి ఫలితాలు ఒకటిగా లేవు.

2. ఆట, జూదం: తెలుగు నేపథ్యం

తెలుగువారి ఇంటి ఆటలలో స్త్రీలకు లోటు ఏనాడూ లేదు. వామనగుంటలు, అచ్చనగాయలు, గవ్వలాట, అష్టాచెమ్మా, వైకుంఠపాళి వంటివి ఆడపిల్లలు వసారాలలో, అరుగుల మీద తరతరాలుగా ఆడుతూ వచ్చినవే. కొన్ని చింతగింజలు, నాలుగు గవ్వలు, సుద్దముక్కతో గీసిన గళ్లు ఉంటే చాలు, ఆట సిద్ధమయ్యేది. వామనగుంటలలో గింజల లెక్క, ముందుచూపు అవసరం. అచ్చనగాయలలో కంటికీ చేతికీ పొత్తు కుదరాలి. నేటి ఈ-స్పోర్ట్స్ శిక్షకులు క్రీడాకారులలో వెదికే గుణాలు కూడా ఇవే. కనుక ఎత్తుగడల ఆటలు ఆడపిల్లలకు సరిపడవనే వాదానికి తెలుగు సంప్రదాయంలో ఆధారం లేదు.

అయితే తెలుగులో ఆటకూ జూదానికీ మధ్య గీత పలుచన. పందెంతో పనిలేని పులి-మేక ఆటకు సైతం ‘పులిజూదం’ అనే పేరుంది. శివపార్వతులు పాచికలాడుతున్న దృశ్యం ఎల్లోరా గుహలలో శిల్పంగా నిలిచింది. అందులో స్త్రీ సమాన ప్రత్యర్థి. నన్నయ సభాపర్వం ద్వారా తెలుగువారికి పరిచితమైన ద్యూతఘట్టంలో స్త్రీ పణం. ఒకే ఆటలో స్త్రీకి రెండు స్థానాలను సంప్రదాయం చూపింది. లోకస్మృతిలో రెండవదే బలంగా నిలిచింది.

ఆధునిక కాలంలో ఈ గందరగోళం మరింత పెరిగింది. ‘ఆన్‌లైన్ గేమింగ్’ అనే మాట డబ్బు పెట్టి ఆడే రమ్మీకీ, నైపుణ్యంతో ఆడే పోటీ ఆటకూ ఒకేలా వర్తించింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తిస్తూ, పందెపు ఆటలను దేశమంతటా నిషేధించింది. చట్టం గీసిన ఈ గీత ఇంటింటికీ తెలియవలసి ఉంది. కొడుకు గేమ్ ఆడితే చదువు పాడవుతుందని మాత్రమే తల్లిదండ్రులు భయపడతారు. కూతురు ఆడితే దానికి జూదం పేరూ, అపరిచితులతో పరిచయమనే అపవాదూ తోడవుతాయి.

3. తొలిదశ: ఆర్కేడ్‌లలో స్త్రీలు

వీడియో గేమ్ పరిశ్రమ తొలినాళ్లలో స్త్రీలు ఆడేవారిగానూ, రూపకర్తలుగానూ కనిపిస్తారు. 1978లో అటారీ సంస్థలో చేరిన కరోల్ షా, తరువాత యాక్టివిజన్ సంస్థ కోసం 1982లో ‘రివర్ రెయిడ్’ ఆటను రూపొందించారు. ఆ కాలపు అత్యంత ప్రజాదరణ పొందిన ఆటలలో అది ఒకటి. రోబర్టా విలియమ్స్ 1980లో ‘మిస్టరీ హౌస్’ ద్వారా కథాత్మకమైన ఆటకు బొమ్మలను జతచేశారు. 1981లో వచ్చిన ‘సెంటిపీడ్’ ఆటను ఎడ్ లాగ్‌తో కలిసి రూపొందించిన డోనా బెయిలీ, అటారీ ఆర్కేడ్ విభాగంలో అప్పటికి ఏకైక మహిళా ప్రోగ్రామర్. ఆ ఆట స్త్రీలలో విశేషంగా ఆదరణ పొందింది.

జపానులో తోరు ఇవాతాని 1980లో రూపొందించిన ‘ప్యాక్‌మన్’ ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఆనాటి ఆర్కేడ్‌లు యుద్ధపు ఆటలతో నిండి, మగవారు మాత్రమే చేరే చోట్లుగా ఉండేవి. స్త్రీలు, జంటలు కూడా రావాలనే ఉద్దేశంతో ఇవాతాని తినడం అనే క్రియ చుట్టూ ఆటను అల్లారు. శత్రువులను రంగురంగుల ముద్దొచ్చే దయ్యాలుగా మలిచారు. ఆడేవారిని మార్చడానికి ప్రయత్నించకుండా ఆటస్థలం స్వభావాన్ని మార్చడం ఇందులోని విశేషం. ఆట ‘ఆడవాళ్లది’ అనే ముద్ర దానిపై పడలేదు. అందరూ ఆడారు, స్త్రీలు కూడా ఆడారు.

4. బొమ్మల దుకాణం గీసిన గీత

1983లో ఉత్తర అమెరికా వీడియో గేమ్ విపణి కుప్పకూలింది. వీడియో గేమ్ అనే మాట వింటేనే దుకాణదారులు వెనుకాడే స్థితి ఏర్పడింది. 1985లో నింటెండో తన కన్సోల్‌ను అమెరికాలో ప్రవేశపెట్టినప్పుడు దానికి ఒక చిన్న రోబోను జతచేసి, బొమ్మగా అమ్మే మార్గాన్ని ఎన్నుకొంది. బొమ్మల దుకాణాలు అప్పటికే మగపిల్లల వరుస, ఆడపిల్లల వరుస అని విడిపోయి ఉన్నాయి. కన్సోల్ మగపిల్లల వరుసలోకి చేరింది. ప్రకటనలు, పత్రికల ముఖచిత్రాలు, ఆటలలోని కథానాయకులు క్రమంగా ఆ వరుసకు తగినట్టుగానే రూపుదిద్దుకున్నాయి. అమ్మకపు సౌలభ్యం కోసం గీసిన గీత ఒక తరం గడిచేసరికి ప్రకృతి గీసిన గీతలా కనిపించసాగింది.

కంప్యూటర్ విద్యలోనూ ఇదే పరిణామం గోచరిస్తుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులలో స్త్రీల వాటా 1984లో సుమారు 37 శాతానికి చేరి, ఆ తరువాత పడిపోయింది. దీనిపై జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 2002లో ‘అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్’ గ్రంథంగా వెలువడింది. ఇంట్లో కంప్యూటర్ ఎవరి గదిలో ఉంటుందన్నది వారు గుర్తించిన కీలకాంశాలలో ఒకటి. అది సాధారణంగా కొడుకు గదిలో ఉండేది. కళాశాలకు చేరేనాటికే మగపిల్లలకు పదేళ్ల చనువు ఏర్పడేది. ఆ చనువునే ప్రతిభగా అధ్యాపకులు పొరబడేవారు. ప్రవేశ నియమాలలో పూర్వానుభవానికిచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించి, పాఠ్యక్రమంలో వేర్వేరు స్థాయిల ప్రవేశమార్గాలు కల్పించాక, ఆ విభాగంలో చేరే స్త్రీల వాటా 1995లోని 7 శాతం నుండి 2000 నాటికి 42 శాతానికి పెరిగింది. ఐదేళ్లలో ఆడపిల్లల మేధస్సు మారలేదు. మారినది ప్రవేశద్వారం.

5. మొదటి రూపం: ప్రత్యేకమైన ఆటలు

1990ల మధ్యలో ‘ఆడపిల్లల ఆటలు’ అనే ఉద్యమం అమెరికాలో మొదలైంది. 1996లో మాటెల్ సంస్థ విడుదల చేసిన ‘బార్బీ ఫ్యాషన్ డిజైనర్’ తొలి రెండు నెలలలోనే 5 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఆడపిల్లలు కంప్యూటర్ ఆటలు కొనరనే నమ్మకం ఆ సంఖ్యతో వీగిపోయింది. అదే సంవత్సరం బ్రెండా లారెల్ స్థాపించిన ‘పర్పుల్ మూన్’ సంస్థ, బాలికల ఇష్టాయిష్టాలపై సుదీర్ఘ పరిశోధన ఆధారంగా స్నేహాలు, బడి జీవితం ఇతివృత్తాలుగా ఆటలను రూపొందించింది. ఆ సంస్థ 1999లో మూతపడి, మాటెల్ చేతికి వెళ్లింది.

ఈ ప్రయత్నాలపై జరిగిన చర్చను జస్టిన్ కాసెల్, హెన్రీ జెంకిన్స్ సంపాదకత్వంలో 1998లో వచ్చిన ‘ఫ్రమ్ బార్బీ టు మోర్టల్ కోంబాట్’ వ్యాససంపుటి నమోదు చేసింది. ఆడపిల్లల అభిరుచికి తగిన ఆటలు చేయడం వారికి ద్వారం తెరవడమా, లేక దుకాణంలోని గులాబీరంగు వరుసను తెరమీదికి తేవడమా అన్నది ఆ చర్చలోని ప్రధాన ప్రశ్న. ఒక విషయం మాత్రం స్పష్టం. పోటీరంగం రూపుదిద్దుకుంటున్న ఆటలు ఈ ఆటలు కావు. ఈ ఆటలతో పెరిగిన బాలిక కంప్యూటర్‌తో చెలిమి చేసింది గాని, పోటీ వేదికకు దారి దొరకలేదు.

6. పోటీ వేదిక – ఒంటరి విజేతలు

1998లో ‘స్టార్‌క్రాఫ్ట్’ విడుదలయ్యాక దక్షిణ కొరియాలో పీసీ బాంగ్‌లనే గేమ్ కేంద్రాలు వెల్లివిరిశాయి. 2000లో అక్కడ ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడింది. జట్లు, జీతాలు, టెలివిజన్ ప్రసారాలు వచ్చాయి. ఆ వ్యవస్థలో ‘టాస్‌గర్ల్’ పేరుతో ప్రసిద్ధురాలైన సియో జి-సూ వృత్తి జట్టులో స్థానం సంపాదించుకున్నారు. అయినా ఆమె చుట్టూ మరో పదిమంది లేరు.

2016లో ‘ఓవర్‌వాచ్’ క్రీడాకారిణి కిమ్ సె-యోన్ అసాధారణమైన గురి చూపినప్పుడు, ఆమె మోసపూరిత సాఫ్ట్‌వేర్ వాడుతోందని ప్రత్యర్థులు ఆరోపించారు. ‘గెగూరి’ పేరుతో ఆడే ఆ బాలికకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. నిర్వాహకుల పరిశీలనలో ఆరోపణ అబద్ధమని తేలింది. ఆమె కెమెరాల ముందు కూర్చుని ఆడి తన నైపుణ్యాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. 2018లో షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి, ఓవర్‌వాచ్ లీగ్‌లో తొలి మహిళ అయ్యారు. మగవాడి నైపుణ్యం అభినందనకు పాత్రమైన చోట ఆడపిల్ల నైపుణ్యం విచారణకు పాత్రమైంది.

అదే 2018లో కెనడా క్రీడాకారిణి సాషా హోస్టిన్ ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ పోటీలో విజేతగా నిలిచారు. 2019లో చైనా యువతి లీ షియావోమెంగ్ ‘హార్త్‌స్టోన్’ గ్రాండ్‌మాస్టర్స్ ప్రపంచ తుదిపోటీలో గెలిచి 2 లక్షల డాలర్ల బహుమతి పొందారు. గతంలో ఒక పోటీలో పేరు నమోదుకు వరుసలో నిలబడినప్పుడు, ఆడపిల్లవు, ఈ వరుస నీకు కాదని ఒకరు తనతో అన్న సంగతిని ఆమె విజయానంతరం గుర్తుచేసుకున్నారు. ఈ విజయాలు స్త్రీల సామర్థ్యాన్ని సందేహాతీతంగా నిరూపించాయి. అయితే ఒంటరి విజేతల చరిత్రకు ఒక పరిమితి ఉంది. విజేత శిఖరం మీద కనిపిస్తుంది, అక్కడికి చేరే మెట్లు కనిపించవు. మెట్లు లేని చోట ‘ఆమె సాధించింది కదా, నువ్వు కూడా సాధించు’ అనడం ప్రోత్సాహం అనిపించుకోదు.

7. రెండవ రూపం: ప్రత్యేకమైన పోటీలు

మెట్లు కట్టే ప్రయత్నం 2020 తరువాత బలపడింది. రయట్ గేమ్స్ 2021లో ‘వాలరెంట్’ ఆటకు గేమ్ ఛేంజర్స్ పేరిట మహిళలు తదితరులకు ప్రత్యేక పోటీలను ప్రారంభించింది. 2022 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో జీ2 గోజెన్ జట్టు గెలిచింది. అదే ఏడు ‘కౌంటర్-స్ట్రైక్’ క్రీడాకారిణుల కోసం ఈఎస్ఎల్ ఇంపాక్ట్ లీగ్ మొదలైంది. 2022లో హనోయిలో జరిగిన ఆగ్నేయాసియా క్రీడలలో ‘వైల్డ్ రిఫ్ట్’ మొబైల్ ఆటకు మహిళా విభాగం ఏర్పాటు చేయగా, ఫిలిప్పీన్స్ జట్టు స్వర్ణం సాధించింది.

ఈ పోటీల వల్ల మూడు ప్రయోజనాలు ఒనగూడాయి. కుదురైన జట్లు ఏర్పడ్డాయి. శిక్షకులు, విశ్లేషకులు, వ్యాఖ్యాతలుగా స్త్రీలకు ఉపాధి దొరికింది. ఓడినా మరుసటి నెల మళ్లీ ఆడే అవకాశం వచ్చింది. చివరిదే అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే అపజయాన్ని భరించగలిగే వ్యవస్థలోనే నైపుణ్యం పెరుగుతుంది. అయితే లోపాలూ ఉన్నాయి. బహుమతి మొత్తాలు తక్కువ. ప్రత్యేక పోటీ నుండి ప్రధాన పోటీకి దారి స్పష్టంగా లేకపోతే మెట్టు గోడగా మారే ప్రమాదం ఉంది. పైగా ఈ వ్యవస్థ నిర్వాహకుల ఆదాయంపై ఆధారపడినది. ఆర్థికంగా నిలదొక్కుకోలేదన్న కారణంతో ఈఎస్ఎల్ ఇంపాక్ట్ 2025తో ముగిసింది. ఒక సంస్థ నిర్ణయంతో వందలాది క్రీడాకారిణుల కాలిబాట తెగిపోగలదని ఇది తెలియజేస్తుంది.

8. మూడవ రూపం: చదరంగం చెప్పిన పాఠం

ప్రత్యేక పోటీయా, ఉమ్మడి పోటీయా అన్న ప్రశ్న చదరంగానికి కొత్తది కాదు. తెరమీదికి మారి, 2025లో రియాద్ ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో పోటీ అంశంగా చేరిన చదరంగం, ఈ చర్చకు సహజమైన పోలిక. హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ మహిళల వ్యక్తిగత పోటీలకు దూరంగా ఉండి, ఉమ్మడి పోటీలలోనే ఎదిగి, 2005లో ప్రపంచ ర్యాంకింగులో ఎనిమిదో స్థానానికి చేరారు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి మార్గం వేరు. ఆమె ప్రపంచ యువజన పోటీలలో బాలికల విభాగాలలో స్వర్ణాలు సాధిస్తూనే, 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యువజన పోటీలో మగపిల్లలతో తలపడి పన్నెండేళ్లలోపు విభాగంలో గెలిచారు. 2002లో పదిహేనేళ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టరై, అప్పటికి పోల్గార్ పేరిట ఉన్న రికార్డును అధిగమించారు. బాలికల విభాగం ఆమెకు మెట్టయింది, ఉమ్మడి విభాగం పరీక్ష అయింది. ఒకదాని కోసం మరొకటి వదులుకోలేదు.

హంపి ఉదంతంలో ఇంటి పాత్ర గమనార్హం. తండ్రి అశోక్ ఉద్యోగాన్ని విడిచి కుమార్తెకు శిక్షణ ఇచ్చారు. అందరు తల్లిదండ్రులూ అలా చేయలేరు, చేయవలసిన అవసరమూ లేదు. కాని ఆడపిల్లకు బల్ల, వేళ, ప్రయాణం, ప్రత్యర్థి సమకూరితేనే ప్రతిభ బయటపడుతుందన్నది ఇక్కడి సారాంశం. కుమార్తె పుట్టిన తరువాత విరామం తీసుకుని తిరిగివచ్చిన హంపి 2019, 2024లలో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి కాంస్యం గెలిచిన జట్టులో భాగమయ్యారు. స్త్రీ జీవితదశలు ఆటకు అడ్డుగోడలు కానవసరం లేదని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

2020లో కరోనా కాలంలో జరిగిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఈ చర్చకు మరింత సన్నిహితమైనది. అందులో ప్రతి జట్టుకూ ఆరు బల్లలు ఉండేవి. వాటిలో రెండు మహిళలకు, ఒకటి యువ బాలికకు నిర్దేశించారు. అంటే బలమైన మహిళా క్రీడాకారిణులు లేని దేశం గెలవడం కష్టం. పోలండ్‌తో సెమీఫైనల్ సమంగా నిలిచినప్పుడు నిర్ణాయకమైన చివరి ఆటలో హంపి గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చారు. రష్యాతో కలిసి భారత్ స్వర్ణం పంచుకుంది. ఇక్కడ ఎవరూ ఆడపిల్లలను ఆడమని బతిమాలలేదు. వారు లేకుండా జట్టు పూర్తికాని నియమం ఉంది. ఆ నియమం వల్ల ప్రతి దేశానికీ తన ఆడపిల్లలకు శిక్షణ ఇవ్వడం స్వప్రయోజనమైంది. ప్రత్యేక పోటీ ఒంటరితనం, ఉమ్మడి పోటీ ఒంటరితనం – రెండింటినీ ఈ పద్ధతి దాటింది. కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయి ఈ-స్పోర్ట్స్ పోటీలకు ఇది సులభంగా అనుసరించదగిన నమూనా.

9. తెలుగు రాష్ట్రాల స్థితి

కార్నెగీ మెలన్ పరిశోధన కంప్యూటర్ ఎవరి గదిలో ఉందని అడిగింది. తెలుగు రాష్ట్రాలలో అదే ప్రశ్నను ఫోన్ ఎవరి చేతిలో ఉందని అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21.0 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఈ వివరాలు 2019-20 నాటివి. మన దేశంలో ఈ-స్పోర్ట్స్ ప్రధానంగా మొబైల్ ఫోన్ మీదనే విస్తరించాయి. కనుక ఈ అంతరం ఆటలోని అంతరం కూడా. ‘ఆడపిల్లలకు ఆసక్తి లేదు’ అనే నిర్ణయానికి ముందు ఈ అంకెలను చూడాలి.

వృత్తి దృష్టితో చూస్తే పోటీలో పాల్గొనడం ఒక్కటే గమ్యం కాదు. క్రీడాకారుల వృత్తికాలం చిన్నది, ఆదాయం అనిశ్చితం. వ్యాఖ్యానం, విశ్లేషణ, శిక్షణ, పోటీల నిర్వహణ, ప్రోగ్రామింగ్, యానిమేషన్, కథారచన వంటివి దీర్ఘకాలిక మార్గాలు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. తెలుగు వ్యాఖ్యానానికి, తెలుగు కథలతో ఆటల రూపకల్పనకు భాషాసాహిత్య విద్యార్థినులు కూడా అర్హులే. కరోల్ షా వలె ఆటను నిర్మించే స్థానంలో స్త్రీ ఉన్నప్పుడు, ఆటలోని లోకం కూడా మారుతుంది.

10. ఉపసంహారం

నాలుగు దశాబ్దాల చరిత్ర నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ఆడపిల్లలు ఈ రంగానికి దూరం కావడానికి అభిరుచి కంటే విపణి, గృహం, వేదిక అనే మూడు చోట్ల జరిగిన ఏర్పాట్లే ఎక్కువ కారణం. ప్రత్యేక ఆటలు పరిచయాన్ని పెంచాయి గాని పోటీకి దారి చూపలేదు. ప్రత్యేక పోటీలు మెట్లను కట్టాయి, కాని పై అంతస్తుకు తలుపు, నిలకడైన నిధులు ఉన్నప్పుడే అవి మెట్లుగా మిగులుతాయి. జట్టు నిర్మాణంలోనే ఆడపిల్లకు స్థానం కల్పించిన ఒలింపియాడ్ పద్ధతి, ప్రోత్సాహాన్ని మాట నుండి నియమానికి మార్చింది.

వామనగుంటల పీట ముందు కూర్చున్న ఆడపిల్లను ఆనాడు ఎవరూ ప్రోత్సహించవలసి రాలేదు. పీట ఇంట్లో ఉండేది, తోడుగా ఆడేవారు ఉండేవారు, ఆడే వేళ ఉండేది. కొత్త ఆటకు ఆ మూడింటినీ మళ్లీ సమకూర్చడమే ఇళ్లు, విద్యాసంస్థలు, పోటీల నిర్వాహకులు చేయవలసిన పని.